మూసిన పట్టాలా, కొత్త మార్గమా: తూర్పు సరిహద్దు రైల్వేల ముందున్న ప్రశ్న

1965 యుద్ధంతో మూతపడిన హల్దీబాడీ–చిలాహటి రైలుమార్గం 2020 డిసెంబర్ 17న తిరిగి తెరుచుకుంది. భారత ప్రధాని నరేంద్ర మోదీ, నాటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా వీడియో సమావేశం ద్వారా దానిని ప్రారంభించారు. 2021 ఆగస్టు 1న తొలి గూడ్సు రైలు, 2022 జూన్ 1న న్యూజల్పాయ్‌గుడి–ఢాకా మితాలీ ఎక్స్‌ప్రెస్ ఆ దారిలో బయలుదేరాయి. సుమారు యాభై ఏడేళ్ల విరామం తర్వాత మొదలైన ప్రయాణికుల రాకపోకలు రెండేళ్లకే మళ్లీ నిలిచిపోయాయి. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో చెలరేగిన ఆందోళనలు, ఆగస్టు 5న హసీనా ప్రభుత్వ పతనం దానికి కారణాలు. కోల్‌కతా–ఢాకా మైత్రీ ఎక్స్‌ప్రెస్, కోల్‌కతా–ఖుల్నా బంధన్ ఎక్స్‌ప్రెస్‌ల పరిస్థితీ అదే అయింది.

మరోవైపు ఈశాన్యంలో కొత్త మార్గాల నిర్మాణం వేగం పుంజుకుంది. 2025 సెప్టెంబర్ 13న మిజోరంలో బైరాబీ–సైరాంగ్ మార్గం ప్రారంభమై, రాజధాని ఐజ్వాల్ చెంతకు రైలు చేరింది. అదే నెలాఖరున అస్సాంలోని కోక్రాఝార్ నుంచి భూటాన్‌లోని గెలెఫుకు, పశ్చిమ బెంగాల్‌లోని బనార్హాట్ నుంచి భూటాన్‌లోని సంత్సేకు రైలుమార్గాలు వేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. రెండింటి పొడవు కలిపి 89 కిలోమీటర్లు, అంచనా వ్యయం రూ.4,033 కోట్లు.

ఈ రెండు పరిణామాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు విధాన నిర్ణేతల ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. పొరుగు దేశం గుండా పోయే పాత మార్గాలను తెరవడానికి సొమ్ము, దౌత్య శ్రమ వెచ్చించాలా, లేక సొంత భూభాగంలోనో మరింత నమ్మకమైన పొరుగుతోనో కొత్త మార్గాలు వేసుకోవాలా? బంగ్లాదేశ్‌తో సంబంధాలు దెబ్బతిన్న తర్వాత రెండో వాదనకు బలం పెరిగింది. అయితే ఉపఖండపు రైల్వే చరిత్రను, ఖర్చుల లెక్కలను, ఇతర దేశాల అనుభవాలను కలిపి పరిశీలిస్తే సమాధానం అంత సూటిగా దొరకదు.

రెండేళ్లలో వేసిన దారి

విభజనకు పూర్వం కోల్‌కతా నుంచి సిలిగుడి వెళ్లే ప్రధాన మార్గం ఇప్పటి బంగ్లాదేశ్ గుండా సాగేది. సియాల్దాలో బయలుదేరిన రైలు రాణాఘాట్ దాటి, 1915లో ప్రారంభమైన హార్డింజ్ వంతెన మీదుగా పద్మా నదిని దాటి, ఈశ్వర్ది, సాంతాహార్, పార్బతీపూర్, చిలాహటిల మీదుగా హల్దీబాడీ చేరేది. అస్సాం వైపు పోయే మీటరుగేజి మార్గాలు సైతం లాల్‌మోనిర్హాట్ మీదుగా అటే వెళ్లేవి. 1947 ఆగస్టులో సరిహద్దు గీత పడగానే ఈ వ్యవస్థ మధ్యభాగం తూర్పు పాకిస్థాన్‌కు పోయింది. అస్సాంకు దేశంలోని మిగతా ప్రాంతంతో భారత భూభాగంలో రైలు సంబంధమే లేకుండా పోయింది. టీ, ముడిచమురు, జనపనార రవాణా పరాయి దేశపు అనుమతిపై ఆధారపడవలసి వచ్చింది.

దానికి సమాధానంగా వచ్చింది అస్సాం రైల్ లింక్ ప్రాజెక్టు. 1948 ఆరంభంలో పనులు మొదలై, సుమారు 229 కిలోమీటర్ల మీటరుగేజి మార్గం రెండేళ్లలో సిద్ధమైంది. కిషన్‌గంజ్ నుంచి సిలిగుడి మీదుగా ఫకీరాగ్రామ్ వరకు తీస్తా, తోర్సా, సంకోశ్ వంటి నదులను దాటుతూ, ఏటా వరదలు ముంచెత్తే పర్వతపాద ప్రాంతంలో ఆ పని సాగింది. 1950 జనవరి 26న, దేశం గణతంత్రమైన రోజునే, ప్రయాణికుల రైళ్లు మొదలయ్యాయి.

కొత్త మార్గాలను సమర్థించేవారు ఈ ఘట్టాన్ని తరచు ఉదాహరిస్తారు. సంకల్పం ఉంటే పొరుగు దేశంపై ఆధారపడనక్కర లేదన్నది వారి వాదన. అయితే ఆ ఘట్టంలోనే మరో వివరం ఉంది. 1950 నాటి 'కొత్త' మార్గం మొత్తం కొత్తది కాదు. కిషన్‌గంజ్–సిలిగుడి మధ్య అప్పటికే డార్జిలింగ్ హిమాలయన్ రైల్వేకు చెందిన రెండడుగుల నేరోగేజి శాఖ ఉండేది. దానినే మీటరుగేజిగా మార్చారు. దువార్స్ ప్రాంతంలో టీతోటల కోసం వేసిన పాత మార్గపు ముక్కలను కలుపుకొన్నారు. వాటి మధ్య ఖాళీలలో మాత్రమే కొత్త కట్ట పోశారు. ఆ పని రెండేళ్లలో ముగియడానికి ఇంజినీర్ల పట్టుదల ఎంత కారణమో, పాత పట్టాలు అందుబాటులో ఉండడం అంతే కారణం.

ఈ కొత్త దారి మూల్యం లేకుండా రాలేదు. గంగపై ఫరక్కా వద్ద రైలు వంతెన 1971లో గాని అందుబాటులోకి రాలేదు. అంతవరకు కోల్‌కతా నుంచి ఉత్తర బెంగాల్‌కు, అస్సాంకు వెళ్లేవారు సక్రీగలీ ఘాట్ వద్ద రైలు దిగి, పడవలో నది దాటి, మనిహారీ ఘాట్ వద్ద మరో రైలు ఎక్కవలసి వచ్చేది. విభజనకు ముందు ఒకే రాత్రి ప్రయాణంగా ఉన్నది ఆ తరానికి పెద్ద ప్రయాసగా మారింది. ఈశాన్యంలో నిత్యావసరాల ధరల మీద, అక్కడి ఉత్పత్తుల రవాణా ఖర్చు మీద ఆ భారం దశాబ్దాల పాటు కొనసాగింది.

కిలోమీటరు లెక్క

పాత మార్గాన్ని తెరవడం చౌక అన్నది సాధారణ అభిప్రాయం. అందుబాటులో ఉన్న అంకెలు దానిని మొదటి చూపులో బలపరుస్తాయి. హల్దీబాడీ నుంచి సరిహద్దు వరకు భారత్ వైపు 4.5 కిలోమీటర్ల పునరుద్ధరణకు సుమారు రూ.82 కోట్లు ఖర్చయింది. అంటే కిలోమీటరుకు దాదాపు రూ.18 కోట్లు. త్రిపురలోని అగర్తలా నుంచి బంగ్లాదేశ్‌లోని అఖౌరాకు వేసిన 12.24 కిలోమీటర్ల కొత్త మార్గంలో, బంగ్లాదేశ్ వైపున్న 6.78 కిలోమీటర్ల భాగానికి భారత్ ఇచ్చిన గ్రాంటు రూ.392.52 కోట్లు. ఇది కిలోమీటరుకు సుమారు రూ.58 కోట్లు. కోక్రాఝార్–గెలెఫు మార్గం 69 కిలోమీటర్లకు రూ.3,456 కోట్ల అంచనా, అంటే కిలోమీటరుకు రూ.50 కోట్లు. కొండలు తొలిచి వేసిన బైరాబీ–సైరాంగ్ మార్గం 51.38 కిలోమీటర్లకు రూ.8,000 కోట్లు దాటింది. అక్కడ కిలోమీటరు ఖర్చు రూ.150 కోట్లకు పైమాటే.

ఈ అంకెలను నేరుగా పోల్చడం సరికాదు. హల్దీబాడీ మైదాన ప్రాంతం, సైరాంగ్ సొరంగాలు, ఎత్తైన వంతెనల ప్రాంతం. అగర్తలా–అఖౌరా ఖర్చులో రెండు గేజిల రైళ్లూ నడిచేలా మూడు పట్టాలు వేయడం, స్టేషన్ల నిర్మాణం కలిసి ఉన్నాయి. అయినా ఒక విషయం స్పష్టం. పాత మార్గంలో ఆదా అయ్యేది పట్టాల ఖర్చు కాదు. పట్టాలు, స్లీపర్లు, కంకర, సిగ్నళ్లు దాదాపు అన్నీ కొత్తగా వేయవలసిందే. ఆదా అయ్యేది భూమి, రైలుకట్ట, నీటిదారుల అమరిక. నలభై యాభై ఏళ్లుగా వానలకు తడిసి గట్టిపడిన కట్ట, వరద ఎటు పోతుందో తెలిసి కట్టిన తూములు, అన్నిటికంటే ముఖ్యంగా రైల్వే పేరనే ఉన్న భూమి పాత మార్గపు అసలు ఆస్తి. దేశంలో కొత్త రైలుమార్గాల ఆలస్యానికి భూసేకరణ ప్రధాన కారణమన్నది పార్లమెంటులో రైల్వే శాఖ పదేపదే చెప్పే మాట. అగర్తలా–అఖౌరా మార్గం కూడా భూసేకరణ, కరోనా వంటి కారణాలతో గడువు మీద గడువు దాటింది.

అందువల్ల మూసిన మార్గం విలువ ఆ భూమిని ఎంతవరకు కాపాడుకున్నారన్నదానిపై ఆధారపడి ఉంటుంది. కట్టను మట్టి కోసం తవ్వుకుపోయినా, దానిపై ఇళ్లు వెలిసినా, ఊరి రోడ్డుగా మార్చినా పాత మార్గం పేరుకే మిగులుతుంది. అప్పుడు దానిని తెరవడం కొత్తది వేయడంతో సమానం. పైగా అక్కడ స్థిరపడిన పేదలను ఖాళీ చేయించడమనే కష్టం అదనం.

యాళ్‌పాణం, జనక్‌పూర్ చెప్పే పాఠాలు

పునరుద్ధరణ విజయవంతమైన సందర్భాలు ఈ ప్రాంతంలో లేకపోలేదు. శ్రీలంకలో అంతర్యుద్ధం వల్ల 1990లో ఆగిపోయిన ఉత్తర మార్గాన్ని భారత రుణసాయంతో ప్రభుత్వరంగ సంస్థ ఇర్కాన్ పునర్నిర్మించింది. పట్టాలు, స్లీపర్లు యుద్ధకాలంలో బంకర్ల నిర్మాణానికి తరలిపోయాయి. మందుపాతరలు తొలగించిన తర్వాతే పని మొదలుపెట్టవలసి వచ్చింది. 2014 అక్టోబర్ 13న 'యాళ్ దేవి' రైలు తిరిగి జాఫ్నా చేరింది. తమిళులు యాళ్‌పాణం అని పిలుచుకునే ఆ నగరానికి ఇరవై నాలుగేళ్ల తర్వాత రాజధాని నుంచి రైలు రావడం రవాణా వార్తగా మాత్రమే మిగలలేదు. అక్కడ కొత్త మార్గం ఆలోచనకు తావే లేదు. ఊళ్లు, స్టేషన్లు, పొలాలు అన్నీ ఆ పాత మార్గం చుట్టూనే పెరిగాయి.

నేపాల్ అనుభవం కొంత భిన్నం. బిహార్‌లోని జయనగర్ నుంచి జనక్‌పూర్ వెళ్లే నేరోగేజి మార్గం 1930లలో మొదలై 2014లో ఆగిపోయింది. దానిని బ్రాడ్‌గేజిగా మార్చి, జయనగర్–కుర్తా మధ్య సుమారు 35 కిలోమీటర్ల భాగాన్ని 2022 ఏప్రిల్ 2న ఇరుదేశాల ప్రధానులు ప్రారంభించారు. అయితే నేపాల్ కొనుగోలు చేసిన రెండు డెము రైళ్లు 2020 సెప్టెంబర్‌లోనే వచ్చాయి. నడిపే సిబ్బంది, అవసరమైన చట్టం, నిర్వహణ ఒప్పందం సిద్ధంగా లేక ఏడాదిన్నర పాటు కదలకుండా నిలిచాయి. మూతపడిన మార్గంతో పాటు దానిని నడిపే మనుషులు, వారి నైపుణ్యం, సంస్థ కూడా చెదిరిపోతాయని, వాటిని తిరిగి సమకూర్చుకోవడానికి పట్టాలు వేయడంకంటే ఎక్కువ కాలం పట్టవచ్చని ఈ ఉదంతం చూపింది.

పశ్చిమ సరిహద్దులో కథ మరోలా ముగిసింది. రాజస్థాన్‌లోని మునాబావ్ నుంచి పాకిస్థాన్‌లోని ఖోఖ్రాపార్‌కు వెళ్లే మార్గం సైతం 1965 యుద్ధంలోనే ఆగింది. పాకిస్థాన్ తన వైపున్న మీటరుగేజిని బ్రాడ్‌గేజిగా మార్చిన తర్వాత 2006 ఫిబ్రవరిలో థార్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. సింధ్, రాజస్థాన్‌లలో చీలిపోయిన కుటుంబాలకు అది కలుసుకునే దారి అయింది. 2019 ఆగస్టులో, జమ్మూకశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తి రద్దు తర్వాత, సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌తో పాటు అదీ ఆగిపోయింది. నలభై ఏళ్లకు తెరిచిన మార్గం పదమూడేళ్లే నడిచింది.

తేడా ఎక్కడ ఉంది

థార్ ఎక్స్‌ప్రెస్, మితాలీ ఎక్స్‌ప్రెస్ ఉదంతాలను చూపి, తెరిచిన పాత మార్గాలు నమ్మదగినవి కావని వాదించేవారు ఉన్నారు. అగర్తలా–అఖౌరా మార్గం ఈ వాదనలోని లోపాన్ని బయటపెడుతుంది. అది పూర్తిగా కొత్త మార్గం. 2023 నవంబర్ 1న ఇరుదేశాల ప్రధానులు దానిని ప్రారంభించారు. కానీ క్రమబద్ధమైన రైళ్లు మొదలుకాకముందే బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం మారింది. కొత్త పట్టాలు, కొత్త స్టేషన్, కొత్త సిగ్నళ్లు ఉన్నా ఆ మార్గం పనిలేకుండా పడి ఉంది. రాజకీయ వాతావరణం మారినప్పుడు రూ.18 కోట్లకు కిలోమీటరు పడిన పాత మార్గం, రూ.58 కోట్లకు కిలోమీటరు పడిన కొత్త మార్గం ఒకే తీరుగా ఆగిపోయాయి. నష్టపోయిన పెట్టుబడి మాత్రం కొత్త మార్గంలోనే ఎక్కువ.

కాబట్టి అసలు తేడా పాతకూ కొత్తకూ మధ్య లేదు. మార్గం సరిహద్దు దాటుతుందా, దాటదా అన్నదే ప్రధానం. సరిహద్దు దాటే మార్గాలు రాజకీయాల ఒడిదుడుకులకు లోబడి ఉంటాయి. దాటని మార్గాలు లోబడవు. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయడం వల్లనే చర్చ పక్కదారి పడుతోంది. సరిహద్దు దాటక తప్పదని తేలిన చోట, రాజకీయ ప్రమాదం ఎలాగూ ఉంటుంది కనుక, తక్కువ పెట్టుబడితో తిరిగి తెరవగలిగే పాత మార్గమే మేలు. సరిహద్దు దాటనక్కర లేని చోట ప్రమాణాలు వేరు.

మరి సరిహద్దు దాటక తప్పని అవసరం ఉందా? సిలిగుడి నడవా పటం చూస్తే జవాబు దొరుకుతుంది. అత్యంత ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 20 కిలోమీటర్లు. ఎనిమిది ఈశాన్య రాష్ట్రాలలో సిక్కింను మినహాయిస్తే మిగతా ఏడింటికి దేశంతో ఉన్న రైలు, రోడ్డు, పైపులైను, విద్యుత్తు సంబంధమంతా ఆ ఇరుకు దారి గుండానే. బైరాబీ–సైరాంగ్, కోక్రాఝార్–గెలెఫు మార్గాలు తమ తమ ప్రాంతాలకు ఎంత మేలు చేసినా ఇరుకు దారికి ప్రత్యామ్నాయం కావు. అవి ఆ దారి దాటిన తర్వాత మొదలవుతాయి. నడవాలో పట్టాల సంఖ్య పెంచితే ఎక్కువ రైళ్లు నడుస్తాయి. అయితే వరదో, భూకంపమో, ప్రమాదమో ఆ దారిని మూసివేస్తే పెరిగిన పట్టాలన్నీ ఒకేసారి ఆగుతాయి.

దూరం సమస్య కూడా ఉంది. కోల్‌కతా నుంచి అగర్తలాకు గువాహటి మీదుగా వెళ్తే సుమారు 1,600 కిలోమీటర్లు. ఢాకా మీదుగా అయితే సుమారు 500 కిలోమీటర్లే. సొంత భూభాగంలో ఎన్ని వేల కోట్లు వెచ్చించినా ఈ తేడాను తగ్గించడం సాధ్యం కాదు. అగర్తలాలో సిమెంటు బస్తా ధరలోను, అక్కడి అనాస రైతుకు అందే ధరలోను ఆ తేడా కనిపిస్తుంది. మయన్మార్‌లోని సిత్వే రేవు మీదుగా తలపెట్టిన కలాదాన్ ప్రాజెక్టు మరో ప్రత్యామ్నాయమే అయినా, అక్కడి అంతర్యుద్ధం దాని రోడ్డు భాగాన్ని వెనక్కి నెట్టింది.

ఢాకా వైపు నుంచి చూస్తే

ఈ చర్చలో బంగ్లాదేశ్ వాదన భారతీయ మాధ్యమాలలో అంతగా వినిపించదు. 2024 జూన్‌లో హసీనా ఢిల్లీ పర్యటన సందర్భంగా ఒక నిర్ణయం వెలువడింది. గేదే–దర్శన వద్ద బంగ్లాదేశ్‌లో ప్రవేశించి, చిలాహటి–హల్దీబాడీ వద్ద తిరిగి భారత్‌లోకి వచ్చి, భూటాన్ సరిహద్దుకు చేరువలోని హాసిమారా వరకు గూడ్సు రైలు నడపాలన్నది దాని సారాంశం. 1947కు పూర్వపు దారిని తిరిగి కలిపే ప్రయత్నంగా ఢిల్లీ దానిని చూసింది. భారత్‌కు నడవా అప్పగిస్తున్నారని ఢాకాలో ప్రతిపక్షాలు విమర్శించాయి. తమ పట్టాలపై భారత రైలు భారత్ నుంచి భారత్‌కే పోతే తమకు ఒరిగేదేమిటన్నది అక్కడి సామాన్యుని ప్రశ్న. దానికి ఒప్పందంలో సంతృప్తికరమైన జవాబు లేకపోతే ఏ ప్రభుత్వం సంతకం చేసినా తర్వాతి ప్రభుత్వం దానిని మోయలేదు.

సాంకేతిక అడ్డంకులూ తక్కువ కావు. బంగ్లాదేశ్‌లో పశ్చిమ భాగం ప్రధానంగా బ్రాడ్‌గేజి, తూర్పు భాగం ప్రధానంగా మీటరుగేజి. జమునా నదిపై 2025 మార్చిలో ప్రారంభమైన కొత్త రైలు వంతెన, అంతకుముందు వచ్చిన పద్మా వంతెన మార్గం నదుల ఆటంకాన్ని తగ్గించాయి. కానీ ఢాకాకు తూర్పున మార్గాలలో చాలా భాగం ఇప్పటికీ మీటరుగేజిదే. భారతీయ బ్రాడ్‌గేజి వ్యాగను కోల్‌కతాలో బయలుదేరి నేరుగా అగర్తలా చేరాలంటే ఆ భాగమంతా రెండు గేజిల మార్గంగా మారాలి. అంతవరకు సరుకును మధ్యలో దించి మరో వ్యాగనుకు ఎక్కించవలసిందే. అది దూరం తగ్గడం వల్ల కలిగే లాభంలో కొంత భాగాన్ని మింగేస్తుంది.

రెడ్డిపాలెం మిరప

సరిహద్దు మార్గాల ప్రభావం సరిహద్దు జిల్లాలకే పరిమితం కాదు. 2020 జులైలో గుంటూరు వద్దనున్న రెడ్డిపాలెం నుంచి ఎండుమిరపకాయలతో ఒక ప్రత్యేక పార్సిల్ రైలు బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్లింది. పదహారు పార్సిల్ వ్యాన్లలో 384 టన్నుల సరుకుతో 1,372 కిలోమీటర్లు ప్రయాణించిన ఆ రైలు, దేశ సరిహద్దు దాటిన తొలి ప్రత్యేక పార్సిల్ రైలని రైల్వే శాఖ ప్రకటించింది. లాక్‌డౌన్ కారణంగా లారీలు కదలని రోజులవి. టన్నుకు రోడ్డుమార్గంలో రూ.7,000 అయ్యే రవాణా ఖర్చు రైలులో రూ.4,608కి తగ్గిందని శాఖ లెక్క చెప్పింది. టన్నుకు రూ.2,400 దాకా మిగులు మిర్చి యార్డులో ధర పలికే తీరును ప్రభావితం చేయగల మొత్తమే.

ఆ రైలు సరిహద్దు దాటిన పెట్రాపోల్–బేనాపోల్ మార్గం కూడా 1965 తర్వాత దశాబ్దాల పాటు స్తంభించి, 2001లో సరకు రవాణాకు తిరిగి తెరుచుకున్నదే. ఆ పునరుద్ధరణ జరిగినప్పుడు గుంటూరు మిరప ఎవరి ఊహలోనూ ఉండి ఉండదు. తెరిచిన మార్గం ఉపయోగం దానిని తెరిచిననాటి అంచనాలకు పరిమితం కాదనడానికి ఇది నిదర్శనం. హల్దీబాడీ మార్గంలో 2021లో నడిచిన మొదటి గూడ్సు రైలు సైతం ఉత్తర బెంగాల్‌లోని దామ్‌దిమ్ నుంచి నిర్మాణాలకు పనికివచ్చే రాయిని మోసుకెళ్లింది. ఒండ్రునేల మీద ఉన్న బంగ్లాదేశ్‌కు రాయి కొరత. ప్రారంభోత్సవ ప్రసంగాలలో చారిత్రక బంధాల ప్రస్తావన ఎంత ఉన్నా, మార్గాన్ని నిలబెట్టేది ఇలాంటి సాధారణ అవసరమే.

అన్నిటినీ తెరవాలా

మూసిన ప్రతి మార్గాన్నీ తెరవాలన్న వాదనకు రామేశ్వరం–ధనుష్కోడి ఉదంతం హెచ్చరిక. 1964 డిసెంబర్ తుపానులో ప్రయాణికులతో సహా ఒక రైలు కొట్టుకుపోయి, ధనుష్కోడి పట్టణం నాశనమైంది. ఆ పదిహేడు కిలోమీటర్ల మార్గాన్ని తిరిగి వేయడానికి 2019 మార్చిలో శంకుస్థాపన జరిగింది. పర్యావరణపరంగా సున్నితమైన ఆ ఇసుక తిన్నెపై నిర్మాణానికి తమిళనాడు ప్రభుత్వం అభ్యంతరం తెలపడంతో పని ముందుకు సాగలేదు. రైల్వే శాఖ 2025 ఏప్రిల్‌లో కొత్త పంబన్ వంతెనను ప్రారంభించి రామేశ్వరం వరకు మార్గాన్ని పటిష్ఠం చేసుకుంది.

ధనుష్కోడి మార్గం పుట్టుకకు కారణం అక్కడి నుంచి శ్రీలంకలోని తలైమన్నార్‌కు నడిచిన ఓడ. చెన్నై నుంచి కొలంబోకు ఒకే టికెట్టుపై ప్రయాణం ఆ రోజుల్లో సాధ్యమయ్యేది. ఆ ఓడ లేదు, పట్టణం లేదు, తీరం మళ్లీ తుపాను బారిన పడే అవకాశం మాత్రం ఉంది. పర్యాటకానికి రోడ్డు సరిపోతుంది. ఒక మార్గం మూతపడడానికి కారణమైన ప్రమాదం తొలగిందా, అది పుట్టడానికి కారణమైన అవసరం మిగిలి ఉందా అన్న రెండు ప్రశ్నలకు అక్కడ జవాబు ప్రతికూలమే. హల్దీబాడీ విషయంలో పాత అవసరం, అంటే కోల్‌కతా–సిలిగుడి దగ్గర దారి, ఫరక్కా వంతెనతో చాలావరకు తీరిపోయింది. కానీ బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్‌ల మధ్య సరకు రవాణా అనే కొత్త అవసరం దాని స్థానంలో వచ్చింది. జాఫ్నాలో పాత అవసరం చెక్కుచెదరలేదు. మార్గం వయసు కంటే ఈ వివేచన ముఖ్యం.

చేయదగినవి

బంగ్లాదేశ్‌తో వాణిజ్యం 2025లో ఇరువైపుల ఆంక్షలతో కుదించుకుపోయింది. ఏప్రిల్‌లో ఢాకా భూసరిహద్దు రేవుల ద్వారా నూలు దిగుమతులను ఆపింది. మూడో దేశాలకు వెళ్లే బంగ్లాదేశ్ సరుకుకు ఇచ్చిన సదుపాయాన్ని భారత్ రద్దు చేసింది. మే నెలలో అక్కడి రెడీమేడ్ దుస్తుల దిగుమతిని కొన్ని ఓడరేవులకే పరిమితం చేసింది. ఇలాంటి కాలంలో పాత మార్గాలపై పెట్టిన సొమ్ము వృథా అని తేల్చివేయడం తేలిక. 1965లో అలాగే తేల్చారు. ఆ నిర్ణయాన్ని సరిదిద్దుకోవడానికి ఒక తరం సరిపోలేదు.

ఆగిపోయిన మార్గం మూసివేసిన మార్గంగా మారకుండా చూడడం తక్షణ కర్తవ్యం. రైళ్లు నడవకపోయినా కట్ట, తూములు, సిగ్నళ్ల నిర్వహణ కొనసాగాలి. రైల్వే భూమి ఆక్రమణల పాలు కాకూడదు. దీనికయ్యే ఏటా ఖర్చు, మళ్లీ మొదటినుంచి వేయడానికయ్యే ఖర్చులో స్వల్ప భాగం. రెండోది, ప్రయాణికుల రైళ్లకు ముందు గూడ్సు రైళ్లను నిలబెట్టడం. వీసాలు, భద్రతా తనిఖీలు, ప్రజాభిప్రాయం ప్రయాణికుల రైళ్లను త్వరగా ప్రభావితం చేస్తాయి. రాయి, ఉల్లి, మిరప, పశువుల దాణా మోసే రైలు అంత సులువుగా వార్తల్లోకెక్కదు.

మూడోది ఒప్పందాల స్వరూపం. ఇద్దరు నాయకుల సాన్నిహిత్యంపై నిలిచిన ఏర్పాట్లు వారిలో ఒకరు తప్పుకోగానే కుప్పకూలుతాయని 2024 నిరూపించింది. మార్గం వాడకానికి రుసుము ఎంత, అందులో ఎవరి వాటా ఎంత, వివాదం వస్తే పరిష్కారం ఎవరిది అన్న అంశాలు బహిరంగంగా, రెండు దేశాల చట్టసభల ముందు ఉండాలి. బంగ్లాదేశ్‌కు అందే ప్రయోజనం అక్కడి రైతుకు, వ్యాపారికి కనిపించాలి. హల్దీబాడీ మార్గం భూటాన్, నేపాల్‌లకు బంగ్లాదేశ్ సరుకు చేరే దారి కూడా అయితే దానిని మూయడానికి ఢాకాలో ఏ ప్రభుత్వమైనా సంకోచిస్తుంది.

ఇవన్నీ చేస్తూనే సొంత భూభాగంలో మార్గాల సామర్థ్యం పెంచుకోవడం అవసరం. దానికి పొరుగు దేశపు రాజకీయాలతో నిమిత్తం లేదు. ఒకటి రెండోదానికి ప్రత్యామ్నాయమన్న భావనే ఈ చర్చలోని ప్రధాన పొరపాటు. సిలిగుడి నడవాలోని మార్గం దేశ అవసరాన్ని ఏ రోజైనా తీర్చవలసిన దారి. సరిహద్దు దాటే మార్గం పరిస్థితులు అనుకూలించినప్పుడు ఖర్చును, దూరాన్ని తగ్గించే దారి. మొదటిది ఉందని రెండోదాన్ని వదులుకుంటే త్రిపుర, మిజోరం ప్రజలు శాశ్వతంగా వెయ్యి కిలోమీటర్ల అదనపు రవాణా ఖర్చు భరించాలి. రెండోదానిని నమ్మి మొదటిదాన్ని నిర్లక్ష్యం చేస్తే 1947 నాటి అస్సాం పరిస్థితి పునరావృతమవుతుంది.

హల్దీబాడీలో పట్టాలు ఉన్నాయి, సిగ్నళ్లు ఉన్నాయి, కస్టమ్స్ కార్యాలయం ఉంది. కొత్తగా నిర్మించవలసినది ఏదీ లేదు. ఢిల్లీ, ఢాకాల మధ్య సంభాషణ ఎప్పుడు గాడిన పడినా ఆ మార్గం వారాల వ్యవధిలో సిద్ధం కాగలదు. అయితే ఒక షరతు. అప్పటివరకు దాని కట్టను ఎవరూ తవ్వుకుపోకుండా, దాని భూమి రైల్వే చేతిలోనే ఉండేలా చూడాలి.